బంచరాయికి స్వచ్ఛందంగా కంప మోయుట గురించి

ప్రజల భూమికి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉంది. అది ప్రజలు!

ఈ సంగతి ఇన్నాళ్లూ మా ఊరివాళ్లకు తెలియదు. తెలియక, ఊరి బంచరాయి మీద ఊరి పశువులను మేపుకున్నాం. అక్కడి చెలిమలో నీళ్లు తాగించాం. ఎండిన పుల్ల ఏరుకొచ్చి పొయ్యిలో పెట్టుకున్నాం. తాతల కాలం నుంచి ఈ ఘోరం జరుగుతూనే వచ్చింది. ఎట్టకేలకు పెద్దలు మా కళ్లు తెరిపించారు. ప్రజల భూమిని ప్రజల నుంచి ప్రజలే కాపాడాలట! అదీ ఒకరు చెబితే కాదు, తమంతట తామే ముందుకొచ్చి! దీన్ని స్వచ్ఛంద సేవ అంటారట.

చదువరులారా, మీ ఊరికి ఇది ఇంకా రాలేదా? అయ్యో! ఎంత వెనుకబడి ఉన్నారు! వచ్చేలోగా మా అనుభవం తెలుసుకొని ఉంటే మీకు మేలు. అందుకే ఇది రాస్తున్నాను.

మోత్కూరు నుంచి పొద్దున్నే నడక మొదలుపెడితే ఎండ ముదరకముందే చేరే ఊరు మాది. బంచరాయి అంటే ఎవరి పట్టా లేని సర్కారు జాగా, ఊరందరి పశువులు మేసే బీడు. మా బంచరాయి గుట్ట కింది నుంచి వాగు దాకా ఉంటుంది. ఎండాకాలం వాగు ఎండిపోయినా, దాని మూలన ఇసుక తోడితే చెలిమలో నీళ్లు ఊరుతాయి. కుంటలన్నీ నెర్రెలు విచ్చిన రోజుల్లో జీవాలకు అదొక్కటే దిక్కు.

నిజానికి ఈ బంచరాయికి సేవ చేయడం మాకు కొత్త కాదు. మా దొర ఊళ్లో ఉన్నన్నాళ్లూ చేశాం. ఏటా ఎండలు మొదలు కాగానే ఇంటికొక మనిషి తుమ్మకంపో రేగుకంపో నరికి, నెత్తిన మోసుకొచ్చి, బంచరాయి చుట్టూ కంచె వేయాలి. లోపల దొర పశువులు మేసేవి. బయట మా పశువులు చూసేవి. దాన్ని వెట్టి అనేవారు. అది చాలా చెడ్డది. ఎందుకంటే అందులో బలవంతం ఉంది.

తరువాత వెట్టి వద్దంటూ సంఘం వచ్చింది. దొర పట్నం పోయాడు. ఒక పొద్దున ఊరంతా కదిలిపోయి ఆ కంపను పీకి కుప్పవేసి అంటుబెట్టారు. మొదట చేయి వేసినవాడు గొర్రెలు కాసే కురుమ జంగయ్య. రెండు ఎండాకాలాలు బంచరాయి తెరిచే ఉంది. ఊరి పశువులన్నీ మేశాయి, దొర వదిలిపోయిన పశువులు కూడా మేశాయి. అదొక అరాచకం!

తరువాత పోలీసు యాక్షన్ అయింది. రజాకార్లు పోయారు, లారీలు వచ్చాయి. బడి పక్కన జవాన్ల క్యాంపు పడింది. క్యాంపు వెనకాలే దొర కూడా వచ్చాడు. పోయేటప్పుడు తలకు రుమాలు చుట్టుకొని పోయినవాడు, వచ్చేటప్పుడు తెల్ల టోపీ పెట్టుకొని వచ్చాడు. ఎవరో అలవాటు కొద్దీ "బాంచెన్ దొరా" అంటే నొచ్చుకున్నాడు. "గట్ల అనకుండ్రి. ఇప్పుడు మనమంత ఒక్కటే" అన్నాడు. ఆ ఒక్కటి ఎవరో వారం తిరిగేలోగా తెలిసింది.

ఆ వారంలోనే జంగయ్యను పట్టుకుపోయారు. సర్కారు జాగా కంచెను పాడుచేశాడన్నది కేసు. అది సర్కారు కంచె అని మాకూ అప్పుడే తెలిసింది! లారీ కదులుతుంటే అతను పెండ్లాం బీరమ్మ వైపు చూసి ఒక్కటే అరిచాడు.

"నేనొచ్చేదాంక మంద పైలం!"

పిల్లాజెల్లా లేని ఇల్లు. జంగయ్యకు మిగిలిందంటూ ఏమైనా ఉంటే ఆ గొర్రెల మందే. అది నిలిస్తే వచ్చినవాడికి బతుకు ఉంటుంది. పోతే కూలికి పోవడమే.

ఇక అసలు సంగతికి వస్తాను.

పోయిన ఎండాకాలం క్యాంపు సారు ఊరందరినీ బడి ముందుకు పిలిపించాడు. కోస్తా దిక్కు సర్కారు జిల్లాల నుంచి వచ్చిన పడుచు ఆఫీసరు. మంచివాడు. ముసలివాళ్లనూ మూగజీవాలనూ కూడా "అండీ" అనే పిలుస్తాడు.

"ప్రజల భూమి క్షీణించిపోతోందండీ. దాన్ని మీరే కాపాడుకోవాలి. అందుకని బంచరాయి సంరక్షణ సేవా సంఘం పెడుతున్నాం" అన్నాడు.

సంఘం అనే మాట వినబడగానే ముందు వరసలోవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. మా సోమన్నకు నోరు ఆగదు. నా పక్కచేను వాడే, అయినా నాకూ అతనికీ నోటి విషయంలో పొత్తు లేదు.

"సారూ, సంఘం అంటె మొన్నటిదాంక లోపలేసిన్రు గద?"

"అది వేరండీ. ఇది సేవ."

"గట్లనే సారూ. మల్ల గా లారీల మీద వచ్చినోళ్లకు గీ సంగతి ఎరుకేనా?"

సారు కొంచెం ఆలోచించి, "పోనీ, కమిటీ అందాం" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

కమిటీకి ప్రెసిడెంటు కావాలి. దొర పేరు చెప్పి, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. వెనకాల జవాన్లు తుపాకులతో నిలబడి ఉన్నారు. క్యాంపు పడ్డ నాటి నుంచి తుపాకీ కనబడితే చేతులెత్తడం మాకు అలవాటే. ఏకగ్రీవం!

"ఇందులో బలవంతం ఏమీ లేదండీ. ఇష్టమైనవాళ్లే కంప తేవచ్చు" అన్నాడు సారు.

"ఇష్టం లేనోళ్లు సారూ?" మళ్లీ సోమన్నే.

"ఎందుకుండదండీ? ప్రజల భూమి మీద ప్రేమ లేనివాడు ఎవడుంటాడు? ఉంటే గింటే సంఘం వాడై ఉండాలి."

ఆ మాటతో ఊరంతటికీ ఒక్కసారే ప్రేమ పుట్టింది. ఇంత ప్రేమ మాలో ఉందని మాకే తెలియదు సుమా!

చివర దొర లేచి మాట్లాడాడు. "ఇయ్యాల్టి సంది బంచరాయిల ఏ పశువు గూడ కాలువెట్టొద్దు. నా పశువైన సరే, బందెలదొడ్డి పాలే!" అని బల్ల గుద్దాడు. బందెలదొడ్డి అంటే దొంగమేత మేసిన పశువును పట్టి మూసే దొడ్డి. దొర తన పశువును కూడా అందులో వేస్తానన్నాడంటే ఎంత త్యాగం! మేం చప్పట్లు కొట్టాం. చేతులు ఎలాగూ పైనే ఉన్నాయి.

దొర పశువులు అప్పటికే బంచరాయి లోపల ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. కాలు పెట్టవద్దన్నారు గాని, పెట్టిన కాలు తీయాలని అనలేదు. పైగా అవి మేస్తున్నాయని అనుకోవడం మన కురచబుద్ధి. అవి కమిటీ తరఫున గడ్డిని తనిఖీ చేస్తున్నాయి. పగలంతా తనిఖీ చేసి, చల్లపూట పండుకొని, చూసిందంతా మరోసారి నెమరువేసుకుంటాయి. ఇంత శ్రద్ధగా పనిచేసే ఇన్‌స్పెక్టర్లు ఏ డిపార్ట్‌మెంటులో ఉన్నారు?

ఆ సాయంత్రం డప్పు కొట్టే ఐలేశం చాటింపు వేస్తూ నా గడప ముందర ఆగాడు.

"పటేలా, గీ చాటింపు నాకు నోరు తిరుగుతలేదు. మునుపైతె, 'ఇంటికొక్కలు కంప తేవాలె, తేకుంటె వీపు పలుగుతది' అంటుంటి. గిప్పుడు 'ఇష్టంగ తేవాలె' అన్నంక ముచ్చట ఆగిపోతాంది. తేకుంటె ఏమైతదో చెప్పనే లేదాయె. జనం నన్ను పట్టుకోని అడుగుతున్నరు."

"చెప్పకపోవుడే సేవ ఐలేశం" అన్నాను.

"అయితె గిది మునుపటికంటె గట్టిదే" అని డప్పు కాక పెట్టుకోవడానికి పోయాడు.

అది ఎంత గట్టిదో చూడండి! వెట్టిలో ఇంటికొక మనిషి పోతే చాలు. సేవలో ఇంటిల్లిపాదీ పోవాలి, ప్రేమకు లెక్క ఏముంటుంది? వెట్టిలో మధ్యాహ్నం దొర గడీ నుంచి ముంతెడు అంబలి వచ్చేది. సేవలో అంబలి అడిగితే పుణ్యం చెడుతుంది. వెట్టిలో కడుపు మండితే దొరను తిట్టుకునేవాళ్లం. సేవలో ఎవరిని తిట్టాలి? మనమే ముందుకొచ్చామాయె!

చాటింపు విని బీరమ్మ మా చేని గట్టుకు వచ్చింది. వెంట మంద ఉంది. గొర్రెలు తలలు ఒకదాని కడుపు కింద ఒకటి పెట్టి నిలబడ్డాయి, ఎండకు అవి అట్లాగే నీడ వెతుక్కుంటాయి. సగం ఈనేవి.

"అన్నా, ఎల్లుండి సంది నా జీవాలు యాడ తాగాలె? చెలిమ లోపటికే పాయె."

"ప్రజల భూమి కోసం జర త్యాగం చెయ్యాలె బీరమ్మా" అన్నాను.

"గా ముచ్చట గొర్లకు నువ్వే జెప్పు. నా మాట ఇంటలేవు."

పక్క గట్టు మీద సోమన్న ఉన్నాడు. "మోత్కూరు అంగడికి తోలు అక్కా. ఆడ కోతోళ్లు మంచిగ సేవ జేస్తరు."

"నీ నోట్ల మన్నువడ! ఆయనొచ్చినంక ఏం జూపియ్యాలె? తోళ్లా?"

సోమన్న గట్టు దిగి తన చేన్లోకి పోయాడు.

"కృష్ణ ఒడ్డుకు తోలుకపోదామంటె ఈనేటి గొర్లు" అంది బీరమ్మ, ఎవరితోనో కాదు, తనతో తానే. "తొవ్వల ఈనితె పిల్లను మొయ్యాల్నా, మందను తోలాల్నా?" అంటూ ఒక గొర్రె కడుపు తడిమి చూసింది. తరువాత కొడవలి ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

"ఎందుకు?"

"నేను గూడ కంప తెస్త. ఇంటిల్లిపాది రావాలె గద. నా ఇంటికి నేనే."

మర్నాడు కంప సేవ జరిగిన తీరు వర్ణించడానికి నా చదువు చాలదు. మోకాళ్లు పట్టేసి ఏడాదిగా మంచం దిగని కాటమయ్య, మంచంతో సహా వచ్చాడు. నలుగురు మనవళ్లు ఆయన్ను మోశారు, ఆయన ఒడిలో ఒక రేగుమండ పెట్టారు. పిల్లను చూడ్డానికి పక్క ఊరి నుంచి వచ్చిన పెళ్లివారు క్యాంపు ముందు నుంచి పోతూ, ఎందుకైనా మంచిదని తలా ఒక మండ మోసి, పిల్లను చూడకుండానే వెళ్లిపోయారు. పూసలమ్ముకునే ఆమె గంప దించి కంప ఎత్తింది.

అందరికంటే పెద్ద త్యాగం మాత్రం మోయించడానికి ముందుకొచ్చిన వాళ్లది! పట్వారీ నీడలో నిలబడి చూడటానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చాడు. పట్వారీ తమ్ముడు, అన్న సరిగా చూస్తున్నాడా లేదా అని చూడటానికి ముందుకొచ్చాడు. దొరకు గొడుగు పట్టడానికి ఒకరు, గొడుగు పట్టేవాడికి మంచినీళ్లు ఇవ్వడానికి ఒకరు. ఇంతమంది నిలబడి శ్రమపడుతుంటే నడుం వంచి మోసేవాళ్లకు సిగ్గేయదా?

ఇక్కడ కంప వేసే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. కంపకు మొదటి మండ ఎటు పడితే తక్కిన మండలన్నీ అటే పడాలి. లేకుంటే ముల్లు ముల్లుకు చిక్కదు, గాలికే లేచిపోతుంది. చేను చుట్టూ వేసేటప్పుడు మండ మొదలు లోపలికి, ముళ్ల కొసలు బయటికి పెడతారు. బయటి పశువు మూతి పెడితే గుచ్చుకుంటుంది. బందెలదొడ్డికి దీనికి తిరగేసి వేస్తారు. కొసలు లోపలికి, మొదళ్లు బయటికి. లోపలి పశువు బయట పడలేదు. బయటి మనిషి మాత్రం మొదలు పట్టి గుంజితే మండ చేతికొస్తుంది.

కంప మోసిన ప్రతివాడికీ ఇది తెలుసు. వెట్టి రోజుల్లో దొర గుమాస్తా దగ్గర నిలబడి మొదటి మండ వేయించేవాడు. ఆ గుమాస్తా పట్నం పోయినవాడు మళ్లీ రాలేదు. అయినా సేవలో గుమాస్తా ఎందుకు?

"తొలి మండ ఎవరు వేస్తారండీ?" అన్నాడు క్యాంపు సారు, మెడలో ఫోటోల పెట్టె వేసుకొని.

అందరం మా కాలివేళ్ల వైపు చూసుకున్నాం. ప్రెసిడెంటే వేయాలని ఎవరో అన్నారు. దొర ముళ్ల వైపు చూశాడు, తన తెల్ల బట్టల వైపు చూసుకున్నాడు. "ప్రజల చేతులతోనే పడాలె" అన్నాడు.

అప్పుడు జనంలోంచి బీరమ్మ వచ్చింది. నెత్తిన చుట్టబట్ట, దాని మీద రేగుమండ.

సారు ముఖం వెలిగిపోయింది. "చూశారా! భర్త జైల్లో ఉన్నా భార్యలో మార్పు వచ్చింది! ఇదండీ సేవ!" అని ఫోటో తీశాడు. దొర ఆ సందర్భంలో జనం వైపు తిరిగి ఉపన్యాసం అందుకున్నాడు. కంప వైపు వీపు.

బీరమ్మ మండను దించింది. మొదలు మా వైపు పెట్టింది. ముళ్ల కొసలు లోపల తనిఖీ చేస్తున్న దొర పశువుల వైపు పెట్టింది. కిర్రు చెప్పు కాలితో ఒక్క తొక్కు తొక్కి, ఎవరి ముఖమూ చూడకుండా పక్కకు జరిగింది.

అందరం చూశాం. సోమన్న దగ్గు ఆపుకున్నాడు. తరువాతి మండ నా నెత్తినే ఉంది. "బీరమ్మా, తిరగేసినవ్" అని ఒక్క మాట అంటే చాలు. నాకు మాట్లాడటం అంతగా రాదు. నా మండ దించి దాని పక్కన అదే తీరుగా పెట్టాను. నా వెనక సోమన్న పెట్టాడు. కాటమయ్య మంచం మీద నుంచే తన మండ ఎటు తిప్పాలో మనవడికి వేలితో చూపించాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. తమంతట తాము ముందుకు రావడమంటే ఏమిటో నాకు ఆ పొద్దే అర్థమైంది!

దొర పశువులు కాసే పోచయ్య మాత్రం నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "పటేలా, మండలు..." అన్నాడు.

"ఏమైంది?"

అతను దొర వీపు వైపు చూశాడు. బీరమ్మ వైపు చూశాడు. "ఏం గాలే. మస్తుగున్నయి" అన్నాడు. తానూ ఒక మండ ఎత్తుకొచ్చాడు.

పొద్దు వాలేసరికి బంచరాయి చుట్టూ కంప పడింది. అంత పెద్ద బందెలదొడ్డి నైజాం ఇలాకాలో ఇంకొకటి ఉండి ఉండదు.

మరి బీరమ్మ ఆ మర్నాడే మొదలు పట్టి గుంజి మందను లోపలికి తోలిందా? తోలలేదు. కంప చుట్టూ జవాన్లు తిరుగుతున్నారు. ముట్టుకున్నవాడు సంఘం వాడే. మండల మొదళ్లు మా దిక్కే ఉన్నాయి, చేయి చాస్తే అందుతాయి. అయితే కంప ఒక్కటే కంచె కాదు గదా.

ఆమె ఊరిబావి నుంచి కుండతో నీళ్లు మోసి గొర్రెల ముందర పోసింది. ఎన్ని కుండలు మోస్తే ఒక మంద దూప తీరుతుంది? ఒక గొర్రె ఈనింది, పిల్ల నిలబడలేదు. ఇంకొకటి ఈనింది, పాలు రాలేదు. మా ఇళ్ల నుంచి తలా కొన్ని నీళ్లు పోశాం. అది సేవ కింద రాదు, క్యాంపులో చెప్పలేదు కనుక.

లోపల తనిఖీ కూడా సజావుగా లేదు. చెలిమను రోజూ తోడాలి, లేకుంటే ఇసుక పూడుకుపోతుంది. ఇన్నాళ్లూ తోడింది మందల వెంట పోయే మనుషులు. వాళ్లంతా ఇప్పుడు బయట ఉన్నారు. దొర పశువులకు కాళ్లు నాలుగున్నా ఇసుక తోడే చేయి లేదాయె. పోచయ్య పోయి దొరను అడిగితే, "పెద్ద సారు వస్తున్నడు. వచ్చి చూసేదాంక కంప మీద చెయ్యి వెయ్యొద్దు" అన్నాడు. పశువులు నీళ్ల వాసనకు ఊరి దిక్కు వచ్చి ముళ్లకు మూతులు ఆనించి అరుస్తున్నాయి.

జిల్లా నుంచి పెద్ద సారు వచ్చిన పొద్దు జీపు దిగీ దిగగానే ఆ అరుపులే విన్నాడు. ఆయనదీ తెలుగు నేలే, వ్యవసాయం ఉన్న ఇంట్లో పుట్టినవాడే అనిపించింది. కంప దగ్గరకు పోయి నిలబడి, "ఇదేమిటి? బందెలదొడ్డా?" అన్నాడు.

"కాదండీ, రక్షిత ప్రజాభూమి" అన్నాడు క్యాంపు సారు.

"మరి ముళ్లు లోపలికి ఉన్నాయేం?"

దొర అప్పుడు మొదటిసారి తిరిగి కంపను చూశాడు. ఇన్నేళ్లలో ఎంత కంప వేయించాడో! చూడటం మాత్రం అదే మొదలేమో. చాలాసేపు చూశాడు.

"బందెలదొడ్డే అనుకోరాదు సారూ" అన్నాడు సోమన్న వినయంగా. "పడ్డ పశువులు గూడ ఉన్నయి గద."

"ఎవరివి ఆ పశువులు?"

మా వైపు ఒక రివాజు ఉంది. దొడ్డిలో పడ్డ పశువు కోసం యజమాని అందరి ముందరికీ వచ్చి, "నాదే, తప్పయింది" అనాలి. అప్పుడే దొడ్డి తెరుస్తారు. ఎవరూ రాకపోతే సర్కారు వేలం వేస్తుంది. మేమంతా మర్యాదగా దొర ముఖం వైపు చూశాం. దొర మర్యాదగా గుట్ట వైపు చూశాడు. నా పశువైనా సరే అని బల్ల గుద్దిన మనిషి ఇప్పుడు నావే అని ఎట్లా అంటాడు?

పెద్ద సారు పోచయ్యను పిలిచాడు. "నీవెవరు?"

"వాలంటీర్ని సారూ."

"ఈ పశువులు ఎవరివి?"

"లోపటియి సారూ."

పెద్ద సారుకు విసుగొచ్చింది. "ఎవరూ లేకపోతే మోత్కూరు తోలించండి. అంగడి నాడు వేలం వేస్తారు" అన్నాడు.

"ఆగుండ్రి!" అన్నాడు దొర. నుదురు తుడుచుకున్నాడు. "అవి... ఊరియి సారూ. ఊరి పశువులు. ఊరి బంచరాయిల ఊరి పశువు మేస్తె తప్పేముంది?"

"తప్పు లేదా? అయితే ఊరి పశువులు మేయవచ్చన్నమాట?"

దొర లోపల అరుస్తున్న తన కోడెల వైపు చూశాడు. "మెయ్యొచ్చు" అన్నాడు.

జనం వెనక నుంచి బీరమ్మ గొంతు వినబడింది. "గొర్లు గూడనా దొరా?"

దొర తెల్ల టోపీ సర్దుకున్నాడు. 

"గొర్లు గూడ" అన్నాడు దొర.

ఆమె పెద్ద సారు వైపు ఒక్క క్షణం చూసింది, ఆయన తల ఊపాడు. బీరమ్మ వంగి ఒక మండ మొదలు పట్టి గుంజింది. మండ తేలిగ్గా చేతికొచ్చింది. రెండోది గుంజింది. మంద ఆమెను తోసుకుంటూ లోపలికి పోయింది. ఆమె చెలిమ దగ్గర మోకాళ్ల మీద కూర్చొని ఇసుక తోడింది. పోచయ్య కూడా పోయి పక్కన కూర్చొని తోడాడు. ముందు గొర్రెలు తాగాయి. తరువాత ఇన్‌స్పెక్టర్లు కూడా తాగారు.

పెద్ద సారు సంతోషించాడు. క్యాంపు సారు బీరమ్మను పిలిపించి, "తొలి మండ వేసింది ఈమేనండీ, స్వచ్ఛందంగా" అని ముందుకు నిలబెట్టాడు. ఆమె మోచేతుల దాకా తడి ఇసుకతో వచ్చింది.

"శభాష్! ఏం కావాలో అడుగు తల్లీ" అన్నాడు పెద్ద సారు.

"గీ కంప పెట్టినందుకు నాకు ఫోటో తీసిన్రు సారూ" అంది బీరమ్మ. "గిదే కంప పీకినందుకు నా పెనిమిటిని తోలుకపోయిన్రు. ఊరి జీవాలు మెయ్యొచ్చని ఇప్పుడు మీరే అంటిరి. ఆయన గూడ గదే అన్నడు. జర ఇడిసిపెట్టుండ్రి."

పెద్ద సారు గడియారం చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. చూసుకొని, "అది నా చేతిలో లేదమ్మా. అది వేరే డిపార్ట్‌మెంటు" అన్నాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. జీపు పోయింది.

చదువరులారా, ఇందులో ఎవరి తప్పూ లేదు. సేవ చేసి బదులు అడగడం బీరమ్మది తప్పు. కంప వేయడం ఒక డిపార్ట్‌మెంటు, పీకడం ఇంకొక డిపార్ట్‌మెంటు అని తెలియకుండా పీకడం జంగయ్యది తప్పు. బంచరాయి మాదే అనుకున్నది మా అందరి తప్పు. కమిటీ వాళ్లు మళ్లీ కూర్చొని వచ్చే ఏటికి ఇంకా గట్టి సేవ ఏదో ఆలోచిస్తున్నారట. అందాకా గొర్రెలు లోపలే మేస్తున్నాయి.

మీలో ఎవరైనా జైలు దిక్కు పోయేవాళ్లు ఉంటే, ములాఖాతు దొరికితే, కురుమ జంగయ్య ఎవరని అడిగి ఒక్క మాట చెప్పండి. మంద ఉంది. మొన్న ఈనిన రెండు పిల్లలూ నిలబడ్డాయి.

ఈ పనికి మిమ్మల్ని ఎవరూ డప్పు కొట్టి పిలవరు. వెనకాల తుపాకీ పట్టుకొని ఎవరూ నిలబడరు. ఫోటో కూడా తీయరు. చూద్దాం, ఎంతమంది ముందుకొస్తారో!